తేనెటీగ ఎంగిలి

ఆ ఉదయం జయరామ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆదిమూలం అయ్యవారి కంటే ముందు లేవాలి, మొహం కడుక్కోవాలి, కుర్చీ తీసుకెళ్లి పెరటి గేటు పక్కనున్న నూరువరహాల చెట్టు కింద వేసుకుని, పేపరు చదువుతున్నట్టు కూర్చోవాలి. అంతే. ఇంటి యజమాని ఎదురుగా కూర్చుని ఉంటే ఎంతటి పెద్దమనిషైనా పూలు కొయ్యడానికి మొహమాటపడతాడని అతని లెక్క.

లెక్క తప్పింది. చేతిలో కొక్కెం కర్ర, భుజానికి గుడ్డ సంచి, నుదుట విభూతితో ఆదిమూలం అయ్యవారు గేటు తీసుకుని నేరుగా లోపలికే వచ్చారు.

"ఏం జయరామా, పొద్దన్నే లేచినావే. మంచిది నాయనా," అన్నారు. "ఆ పై కొమ్మ రవంత వంచు. నాకు అందేట్టు లేదు."

జయరామ్ పేపరు కింద పెట్టి కొమ్మ వంచాడు. ఆయన హైస్కూల్లో తెలుగు చెప్పిన గురువు. పద్యం అప్పజెప్పలేదని ఇదే చేతి మీద బెత్తంతో కొట్టినవారు. నలభై దాటినా ఆ గొంతు వినగానే చెయ్యి దానంతటదే పైకి లేచింది. అయ్యవారు గుత్తులకు గుత్తులు కోసి సంచిలో వేసుకుని, "దేవుడికే గదా. నీకూ పుణ్యం," అని చెప్పి, ఆ పుణ్యం మాత్రం అతనికి వదిలి వెళ్లారు.

జయరామ్ తిరుపతి బస్సు డిపోలో గుమాస్తా. ఇల్లు చంద్రగిరిలో, కోటకు పోయే దారి పక్క సందులో. పూల పిచ్చి అతనికి ఏనాడూ లేదు. ఆ చెట్టు అతని ప్రాణానికి పూచీకత్తు కాబట్టే ఈ కాపలా.

సంగతేమిటంటే, రెండేళ్ల కిందట డిపో ముందు ఒక లారీ వెనక్కి వస్తూ అతని స్కూటరును నలిపేసింది. ఆ సమయంలో జయరామ్ స్కూటరు మీద లేడు. ఎదురుగా టీ అంగట్లో కూర్చుని మిరపకాయ బజ్జీ తింటున్నాడు. జయరామ్ బస్సులో వస్తాడు, ఆలస్యమవుతుంది అని చెప్పడానికి తోటి గుమాస్తా ఒకడు, ఆ సందులో ఫోను ఉన్న ఒకే ఒక ఇంటికి, అంటే పక్కింటి దేవకమ్మకు ఫోన్ చేశాడు. దేవకమ్మకు సగం వార్త చాలు. మిగతా సగం వినడానికి ఆగకుండా ఫోను అక్కడే పడేసి గోడ దగ్గరకు పరుగెత్తింది.

"జ్ఞానాంబా, మీ ఆయన స్కూటరు లారీ కింద పడినాదంట," అంది.

జయరామ్ భార్య జ్ఞానాంబ అక్కడికక్కడే వరలక్ష్మమ్మకు మొక్కేసింది. మొగుడు ప్రాణాలతో ఇల్లు చేరితే, తన చేత్తో నాటి, తన చేత్తో నీళ్లు పోసి పెంచిన చెట్టు పూలతో వ్రతం నాడు సహస్రనామార్చన చేస్తానని. సాయంత్రానికి మొగుడు బజ్జీల వాసనతో ఇల్లు చేరాడు. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. అయినా మొక్కు మొక్కే. లారీ కింద మనిషి లేడు కదా అని అమ్మవారి దగ్గర బేరం పెట్టేంత ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

వెయ్యి పూలు ఒక్క చెట్టు నుంచి రావాలంటే నూరువరహాలే పెట్టమన్నాడు తిరుపతి నర్సరీ వాడు. "మల్లె రెండు మూడు నెలలు పూసి పండుకుంటాదమ్మా. దీనికి నిద్ర లేదు," అన్నాడు. ఆ మాట అబద్ధం కాలేదు. రోజంతా ఎండ పడే చోట జ్ఞానాంబ గుంట తవ్వింది. బాగా చివికిన పేడ ఎరువు వేసింది. బియ్యం కడిగిన నీళ్లు ఒక్క చుక్క వృథా పోనివ్వకుండా దానికే పోసింది. పూత అయిపోయిన కొసలు కత్తిరించింది. మొదటి ఏడు చెట్టు ఆకులతోనే సరిపెట్టింది. రెండో ఏడు ఎండాకాలంలో పూయడం మొదలుపెట్టి ఇక ఆగలేదు. ఎర్రటి గుత్తుల మధ్య ఆకు వెతుక్కోవాల్సి వచ్చేది. పొద్దెక్కేసరికి సీతాకోకచిలుకలు, తేనెటీగలు చేరి చెట్టంతా జుమ్మని మోగేది. పుట్టిల్లు తమిళ సరిహద్దులో ఉన్న దేవకమ్మ దాన్ని ఇట్లిపూ చెట్టు అనేది. ఏ పేరుతో పిలిచినా పూసేది.

పైకి నవ్వేవాడు గానీ, మొక్కు తీరేదాకా తన ఆయుష్షు అమ్మవారి దగ్గర కుదువలో ఉన్నట్టే అనిపించేది జయరామ్‌కు. రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూసి, మళ్లీ అటు చూసేవాడు. శ్రావణమాసం వచ్చింది. శుక్రవారం వ్రతం. ఇక్కడ చూస్తే అయ్యవారు రోజూ తెల్లవారుజామున చెట్టును బోడి చేసి పోతున్నారు.

"అయివారికి ఒక మాట చెప్పండి," అంది జ్ఞానాంబ.

"ఏమని చెప్పేది? దేవుడికి కొయ్యొద్దనా?"

"మొక్కు ఉండాదని చెప్పండి."

"బజ్జీ తింటా ఉన్నోడికి మొక్కేందిరా అంటాడు. వీధంతా నవ్వుతాది," అన్నాడు జయరామ్. అతనికి ప్రాణం మీద ఎంత తీపో పరువు మీదా అంతే.

మరునాడు అయ్యవారు కొక్కెం తగిలించి కొమ్మ లాగగానే ఒక తేనెటీగ గుత్తిలో నుంచి లేచి ఆయన ముక్కు ముందు నుంచి ఎగిరిపోయింది. అది చూసి జయరామ్‌కు, స్కూల్లో ఏనాడూ రానిది, ఒక సందేహం వచ్చింది.

"అయివారూ, నైవేద్యం పెట్టకముందే మనం రుచి చూస్తే ఎంగిలి అంటారు గదా."

"ఎంగిలే."

"పువ్వు వాసన చూసినా దేవుడికి పనికిరాదంటారు."

"పనికిరాదు నాయనా."

"మరి ఆ ఈగ ఇప్పుడు మూతి పెట్టి తాగి పొయ్యిందే. ఆ పువ్వు సంగతేంది?"

అయ్యవారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆయన కొమ్మను చూశారు, సంచిలోకి చూశారు, ఆ తర్వాత జయరామ్‌ను చూశారు. ఆ చూపులో కోపం లేదు. ఇన్నాళ్లకు ఒక శిష్యుడు నోరు తెరిచి అడిగాడన్న సంతోషం ఉంది.

"బతుకంతా పాఠాలు చెప్పినాను. ఇట్లాంటి సందేహం ఒక్కడూ అడగల్యా," అన్నారు. సంచిలో పూలన్నీ గోడ అవతల ఆవు ముందు కుమ్మరించి, తల దించుకుని, ఆలోచిస్తూ వెళ్లిపోయారు.

జయరామ్ ఆ రోజు ఈల వేసుకుంటూ డిపోకు పోయాడు. ఒక్క సంగతి మరిచిపోయాడు. ఆదిమూలం అయ్యవారు తెలుసుకున్న ధర్మాన్ని తన దగ్గరే దాచుకునే రకం కాదు. ఆ సాయంత్రం భజన అయిపోగానే, వచ్చిన ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి ఆయన విషయం విడమరిచి చెప్పారు. ఈగ వాలకముందే పూలు కొయ్యాలి, లేదా పూల మీద ఈగ వాలకుండా చూసుకోవాలి. చీకటితో లేవడం ఎవరికీ ఇష్టం లేదు. అందరూ రెండోదే ఎంచుకున్నారు.

తెల్లారేసరికి వీధి రూపమే మారిపోయింది. దేవకమ్మ తన మల్లెపందిరికి, దాని పక్కనే పాకిన బీరతీగకు కలిపి మంచం మీది దోమతెర కట్టేసింది. దాని ఫలితంగా దేవకమ్మ మొగుడు రాత్రంతా చప్పట్లు కొడుతూ గడిపాడని వీధికంతా తెలిసింది. ఇంకొకరు గన్నేరుకు పాత చీర చుట్టారు. మందారాలకు తువ్వాళ్లు, కనకాంబరాలకు వెదురు బుట్టలు. కోట చూడ్డానికి వచ్చిన వాళ్లెవరో దారి తప్పి ఈ సందులోకి వచ్చి, చెట్లకేదో జబ్బు చేసిందనుకుని ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగారు.

గంప నెత్తిన పెట్టుకుని వచ్చిన పూల కుప్పయ్యను దేవకమ్మ వాకిట్లోనే నిలబెట్టింది.

"ఇవి ఈగ వాలినవా, వాలనివా?"

"పూలమ్మా," అన్నాడు కుప్పయ్య అయోమయంగా.

"పూలని నాకూ తెల్సు. ఈగ మూతి పెట్టినాదా లేదా సెప్పు."

ఆ రోజు కుప్పయ్య గంప దించకుండానే పోయాడు. మరునాడు అవే పూల మీద తడిపిన పలచటి గుడ్డ కప్పి, "ఈగ వాలని పూలమ్మో" అని అరుస్తూ వచ్చి, ధర పెంచి అమ్ముకుని పోయాడు. వీధి మొత్తం మీద ఆ వారం ధర్మం గిట్టుబాటైంది అతనొక్కడికే.

జయరామ్ మాత్రం ఆనందంలో తేలిపోయాడు. తన చెట్టు ఒక్కటే ఏ ముసుగూ లేకుండా నిలబడి ఉంది. దాని వంక ఒక్క చెయ్యి రావడం లేదు. గుత్తి మీద గుత్తి నిండుతోంది. శుక్రవారానికి వెయ్యేమిటి, అంతకు రెండింతలు ఉంటాయి. ఈ తెలివి చదువుకునే రోజుల్లో వచ్చి ఉంటే తాను డిపోలో గుమాస్తాగా ఉండేవాడు కాదని కూడా అనుకున్నాడు.

వ్రతం పనుల్లో పడి భజనకూ పోని, రెండు రోజులుగా గడప దాటని జ్ఞానాంబ పక్కింటికి పోయి తిరిగి వచ్చేదాకా ఆ ఆనందం నిలిచింది.

"మన పూలు ఎంగిలి అయినాయంట గదా," అంది ఆమె గడప మీదే కూలబడి. "మీరే అడిగినారంట. అయివారే చెప్పినారంట. ఎంగిలి పూలతో నేను మొక్కెట్ల తీర్చేది?"

జయరామ్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "అది ఉత్తదే జ్ఞానా. ఆయన కొయ్యకుండా ఉండాలని ఊరికే అన్నాను. అబద్ధం."

"దేవుడి పూల మింద అబద్ధమా?"

"దేవుడి పూలు కాపాడేదానికే గదా."

"అయితే ఆ మాట అయివారికి చెప్పండి."

"చెప్తే రేపటినుంచి మళ్లా కోస్తాడు."

జ్ఞానాంబ చెట్టు వంక చూసింది. "మీరు అబద్ధం అనుకోని చెప్పినారు. అదే నిజమైతే? ఈగ మూతి పెట్టేది మీరు కండ్లతో చూసినారా లేదా?"

చూశాడు. తాను ఊరికే అన్న మాటకు ఇప్పుడు తానే జవాబు వెతుక్కోవాల్సిన పరిస్థితి వచ్చింది.

"మొక్కు మీ ప్రాణానికి మొక్కినాను. అందులో నలుసంత దోషం ఉన్నా నాకు నిద్ర పట్టదు," అంది ఆమె. "మొగ్గలు బోలెడుండాయి. ఇప్పుడే తెర కట్టేస్తే శుక్రవారానికి ఈగ వాలని పూలు విచ్చుకుంటాయి. లెయ్యండి."

మరునాడు బుధవారం జయరామ్ సెలవు పెట్టాడు. మామూలు రోజుల్లో ఆ సందులో తేనెటీగలకు నలభై చెట్లు. ఇప్పుడు అన్నిటికీ ముసుగులు. కాబట్టి ఆ చుట్టుపక్కల తేనెటీగలన్నీ కట్టగట్టుకుని ఒక్క నూరువరహాల చెట్టు మీదే పడ్డాయి. వాటి మోత ఇంట్లో టీవీ పెట్టుకున్నా వినిపిస్తోంది. జయరామ్ దోమతెర రెండు చేతులతో పట్టుకుని, దూరం నుంచి వల విసిరినట్టు విసిరాడు. తెర చెట్టు మీద సగం పడింది. మిగతా సగం గాలికి ఎగిరి వచ్చి అతని మీద పడింది. ఒక అడుగు వెనక్కి వేయబోయి అంచు తొక్కుకుని దొర్లాడు. దొర్లుతూ తెరను ఒంటికి చుట్టుకున్నాడు. జ్ఞానాంబ బయటికి వచ్చి చూసేసరికి చెట్టు తెర బయట ఉంది. జయరామ్, తేనెటీగలు తెర లోపల ఉన్నారు.

గురువారానికి అతని మొహం పూర్తిగా పండింది. ఒక కన్ను మూసుకుపోయింది, ఇంకొకటి సన్నటి సందులోంచి చూస్తోంది. పై పెదవి ముక్కును తాకుతోంది. చెట్టు మాత్రం నిండుగా పూసి, పట్టపగలు ఈగల జాతర చేసుకుంటోంది. జ్ఞానాంబ వ్రతానికి కలశం తోముతూ కళ్లు తుడుచుకుంటోంది. మొక్కు ఈ ఏడు తీరే దారి కనపడలేదు. రాబోయే ఏడాదంతా మొగుడు రోడ్డు ఎట్లా దాటుతాడో అన్నది ఆమె దిగులు.

సాయంత్రం ఆదిమూలం అయ్యవారు పరామర్శకు వచ్చారు. శిష్యుడి మొహం చూసి నొచ్చుకుని, జేబులో నుంచి చిన్న సీసా తీశారు.

"తలకోన అడవి తేనె. అభిషేకానికని తెప్పించుకున్నా," అన్నారు. "ఈగ కుట్టినదానికి ఈగ తేనే మందు. కదలొద్దు." వేలితో తీసి జయరామ్ బుగ్గకు పట్టించసాగారు.

జయరామ్ తెరుచుకున్న కంటితో ఆ సీసా వంక చూశాడు.

"అయివారూ, దీంతోనే అభిషేకం చేస్తారా?" అన్నాడు వాచిన పెదవితో.

"ప్రతి సోమవారం."

"ఇది వచ్చింది ఈగ నోట్లోనుంచే గదా?"

బుగ్గ మీద వేలు ఆగిపోయింది. కాఫీ తెస్తున్న జ్ఞానాంబ గుమ్మంలోనే నిలబడిపోయింది. అయ్యవారు చాలాసేపు సీసాను వెలుతురుకు పట్టి చూశారు.

"పువ్వు మింద వాలితేనే ఎంగిలైతే, కడుపులో దాచి కక్కింది శివుడి నెత్తిన ఎట్ల పోస్తాము?" అన్నారు చివరికి, తనలో తాను. "పోస్తా ఉండాము. తాతల నాటినుంచి పోస్తా ఉండాము. అంటే ఆ జీవికి ఎంగిలి లేదు. నేను తప్పు చెప్పినాను నాయనా."

జ్ఞానాంబ మొహం కలశంలా వెలిగింది. జయరామ్‌కు ఆ క్షణంలో నొప్పంతా దిగిపోయినట్టయింది. అయ్యవారు కాఫీ ముట్టకుండా లేచారు.

"యాడికి అయివారూ?"

"వీధిలో అందరికీ చెప్పొస్తా. నేను కట్టించిన తెరలు నేనే విప్పించల్ల."

జయరామ్ మంచం మీద నుంచి దాదాపు దూకాడు. "రేపు శుక్రవారం గడిచిపోనీండి. శనివారం నిదానంగా చెప్దురు గాని."

"తప్పని తెలిసినాక పూట కూడా దాచకూడదు," అని అయ్యవారు చెప్పులేసుకున్నారు.

ఆయన ఏ పని చేసినా పూర్తిగా చేస్తారు. ఇంటింటికీ తిరిగి తప్పు ఒప్పుకోవడమే కాదు, ఇంకో అడుగు ముందుకు వేశారు. తేనెటీగ ఊరికే ఏ పువ్వు మీదా వాలదనీ, సారం ఉన్న పువ్వునే వెతుక్కుంటుందనీ, అది మెచ్చిన పువ్వు అమ్మవారికి మరీ ఇష్టమనీ చెప్పారు. ఆడవాళ్లు ముసుగులు విప్పి చూసుకున్నారు. శ్రావణం ఉక్కకు చీరల కింద, బుట్టల కింద మొగ్గలన్నీ పండి రాలిపోయాయి. దేవకమ్మ మల్లె నల్లబడింది. బీరతీగకు పూత వచ్చింది గానీ ఒక్క పిందె నిలవలేదు. తెల్లవారితే వరలక్ష్మీ వ్రతం. వీధి మొత్తం మీద పచ్చగా, ఎర్రగా, తేనెటీగల మెప్పు పొంది నిలబడిన చెట్టు ఒక్కటే ఉంది.

శుక్రవారం చీకటితోనే లేచి కాపలా కాయాలనుకున్నాడు జయరామ్. కానీ డాక్టరిచ్చిన మాత్ర అతన్ని లేవనివ్వలేదు. నిద్రలోనే గేటు కిర్రుమనడం వినిపించింది. మళ్లీ వినిపించింది. ఎన్నిసార్లో తెలియదు. చివరికి కన్ను తెరుచుకుని బయటికి వచ్చేసరికి ఎండ పడుతోంది.

తలంటు పోసుకుని, కాళ్లకు పసుపు రాసుకుని, జ్ఞానాంబ చెట్టు పక్కన నిలబడి ఉంది. దేవకమ్మ చేతిలోని పళ్లెంలోకి ఆఖరి గుత్తి కోసి వేస్తోంది. చెట్టు మీద ఆకులు తప్ప ఏమీ లేవు.

"ఏంటికి ఇచ్చినావు అందరికీ?" అన్నాడు జయరామ్, దేవకమ్మ వెళ్లాక.

"వ్రతం పొద్దున ముత్తైదువ పళ్లెం పట్టుకోని వాకిట్లో నిలబడి పూలడిగితే, లేవని చెప్పే నోరు ఎవరికుంటాదండీ?" అంది జ్ఞానాంబ. "ఒకరికి ఇచ్చినాక ఇంకొకరికి ఎట్ల లేదనేది?" ఆ మాట అని మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. రెండేళ్లు ఆ చెట్టుకు ఆమె పోసిన నీళ్లన్నీ జయరామ్‌కు గుర్తొచ్చాయి. పరువు పోతుందని భయపడకుండా ఆ రోజే మొక్కు సంగతి చెప్పి ఉంటే, ఆదిమూలం అయ్యవారు తానే కొక్కెం కర్ర పట్టుకుని ఈ చెట్టుకు కాపలా ఉండేవారు. ఆ సంగతి ఇప్పుడు అర్థమై అతనికి నిజంగా సిగ్గేసింది. తువ్వాలు మొహానికి చుట్టుకుని కుప్పయ్యను వెతుక్కుంటూ పోయి, గంప అడుగున మిగిలిన చామంతులు తెచ్చాడు. వాటితోనే పూజ అయిందనిపించారు.

సాయంత్రం జ్ఞానాంబ పేరంటానికి బయల్దేరింది. ఆ రోజు ఆడవాళ్లు ఒకరింటికొకరు పోయి తాంబూలం పుచ్చుకోవాలి, తప్పదు. పోయేటప్పుడు కాళ్లీడ్చుకుంటూ పోయింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమెను జయరామ్ ముందు గుర్తుపట్టలేదు. జడ నిండా ఎర్రటి గుత్తులు. ప్రతి ఇంట్లోనూ ప్రసాదమని తురిమి పంపారట.

"ఏ ఇంటికి పోయినా అమ్మవారి పాదాల కాడ మన పూలేనండీ," అంది, ఆయాసపడుతూనే. "దేవకమ్మ ఇంట్లో అయివారే కూర్చోని నామాలు చదివించినారు. మొక్కు సంగతి ఏడ్చుకుంటా చెప్పేసినా. బజ్జీల సంగతి కూడా చెప్పేసినా. నీ చేత్తో పెంచినావు, నీ చేత్తోనే కోసి ఇచ్చినావు, ఒక్క ఇంట్లో జరగాల్సిన అర్చన వీధంతా జరిగింది, ఇంతకన్నా మొక్కు ఎట్ల తీరతాదమ్మా అన్నారు."

"నవ్వినాడా?"

"నవ్వలేదు. రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టినారు." ఆమె కళ్లు మళ్లీ నిండాయి. ఈసారి దిగులుతో కాదు. ఆమె చేతిలోని తాంబూలం తీసుకుని, జయరామ్ వాచిన కళ్లకు అద్దుకున్నాడు.

ఆ శుక్రవారం ఆ సందులో ఒక్క నూరువరహాల పువ్వు కూడా లేకుండా వరలక్ష్మీ పూజ జరిగిన ఇల్లు జయరామ్‌ది మాత్రమే.